విషానికి విరుగుడు తెలిసిన డాక్టరు కావాలి

గిద్దలూరు నుంచి ఒంగోలు సుమారు 140 కిలోమీటర్లు. నంద్యాల 60 కిలోమీటర్లే అయినా మధ్యలో నల్లమల ఘాట్ రోడ్డు దాటాలి. మార్కాపురం నుంచి ఒంగోలుకి 90 కిలోమీటర్ల పైమాటే. గుంటూరు ఇంకా దూరం. ఎర్రగొండపాలెం మండలంలో అడవి లోపల ఉన్న పాలుట్ల చెంచుగూడెం వాళ్లకైతే తారురోడ్డు ఎక్కడమే ఒక ప్రయాణం. పశ్చిమ ప్రకాశంలో అర్ధరాత్రి కట్లపాము కరిచినా, చేలో ఎవరైనా పురుగుల మందు తాగినా, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లో బండి బోల్తా పడినా, ‘పెద్దాసుపత్రికి తీసుకుపోండి’ అనే మాట వెనక రెండు మూడు గంటల దారి ఉంటుంది. మనిషి బతుకుతాడా లేదా అన్నది చాలాసార్లు ఆ దారిలోనే తేలిపోతుంది.

ఆ రెండు మూడు గంటల కోసమే పుట్టిన వైద్యశాఖ ఎమర్జెన్సీ మెడిసిన్. అందులో పీజీ పూర్తిచేసిన డాక్టర్లు ఇంకో ఏడాదో రెండేళ్లో ఒక్క అంశం మీదే చదివే పైచదువును ఫెలోషిప్ అంటున్నారు. విషవైద్యం, అంబులెన్స్ వైద్యం, పిల్లల అత్యవసర వైద్యం, అల్ట్రాసౌండ్, క్రిటికల్ కేర్ ఇలా దాని కొమ్మలు చాలా ఉన్నాయి. వినడానికి ఇది నగరాల్లోని కార్పొరేట్ ఆసుపత్రుల సంగతిలా ఉంటుంది. కంభం, రాచర్ల, అర్ధవీడు, పుల్లలచెరువు పల్లెల్లో జనం ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదాలను ఒక్కొక్కటిగా చూస్తే, ఈ చదువు అసలు అవసరం ఎక్కడుందో అర్థమవుతుంది.

క్యాజువాలిటీ నుంచి ప్రత్యేక శాఖ దాకా

చాలాకాలం క్యాజువాలిటీ అంటే ఎవరి శాఖా కాని గది. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరు ఏ విభాగం వాడైనా వచ్చిన కేసు చూసి, సంబంధిత వార్డుకి పంపేవాడు. అమెరికాలో 1970లో సిన్సినాటీ విశ్వవిద్యాలయం మొదటిసారి ఎమర్జెన్సీ మెడిసిన్‌లో రెసిడెన్సీ శిక్షణ మొదలుపెట్టింది. 1979లో అక్కడ అది ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపు పొందింది. మన దేశంలో భారత వైద్య మండలి ఆ గుర్తింపు ఇచ్చింది 2009లో. అంటే అమెరికా కంటే 30 ఏళ్లు ఆలస్యం. 2013లో జాతీయ పరీక్షల బోర్డు కూడా ఇందులో డీఎన్‌బీ కోర్సు ప్రవేశపెట్టింది. ఇప్పుడు తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ లాంటి సంస్థల్లో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ సీట్లున్నాయి. ఎంబీబీఎస్‌కి ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఆపైన మూడేళ్లు పీజీ.

ఎమర్జెన్సీ డాక్టరు అన్ని జబ్బుల్లోనూ మొదటి గంట తెలిసినవాడు. గుండెపోటు, పక్షవాతం, కాన్పు కష్టం, ఎముక విరగడం, ఫిట్స్ ఏది వచ్చినా ముందు ఊపిరి, తర్వాత రక్తప్రసరణ నిలబెట్టి, ఏ జబ్బో తేల్చి, తగిన చోటికి చేర్చడం అతని పని. ఈ విస్తృతి వల్లే కొన్ని చోట్ల లోతు అవసరమైంది. పిల్లల ఒంటి తీరు వేరు, మందుల మోతాదు వేరు. విషాల లెక్క మరీ వేరు. అందుకే 1990ల నుంచి అమెరికాలో ఉపశాఖలు ఒక్కొక్కటిగా వచ్చాయి. పిల్లల అత్యవసర వైద్యం, విషవైద్యం, క్రీడా వైద్యం ముందు వచ్చాయి. తర్వాత సముద్రగర్భ, హైపర్‌బారిక్ వైద్యం, ఉపశమన వైద్యం చేరాయి. అంబులెన్స్ సేవల వైద్యాన్ని 2010లో గుర్తించారు. విషవైద్యంలో ఫెలోషిప్ రెండేళ్లు, అంబులెన్స్ సేవల్లో ఒక ఏడాది. బ్రిటన్‌లో ఆసుపత్రికి చేరకముందు చేసే వైద్యానికి 2011లో ఉపశాఖ హోదా ఇచ్చారు.

ఈ జాబితాలో సముద్రగర్భ వైద్యంతో నల్లమల వాళ్లకి పనిలేదు. విషవైద్యం, అంబులెన్స్ వైద్యం మాత్రం ఈ నేలకి కొలిచి కుట్టినట్టున్న చదువులు.

గాజు గొట్టంలో 20 నిమిషాలు

పాము కాటు మరణాల మీద 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని అంచనా వేసింది. సగటున ఏడాదికి 58 వేల మంది. వీటిలో 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి లెక్కగట్టిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో, అంటే చేలల్లో పని ముమ్మరంగా ఉండే రోజుల్లో సంభవించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 కల్లా ఈ మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

మన దగ్గర ప్రాణం తీసే పాముల్లో నాలుగు ముఖ్యమైనవి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. రక్తపింజరి, చిన్న పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కట్లపాము రాత్రిళ్లు నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు గుర్తు సరిగ్గా కనిపించదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దముద్దగా వస్తుంటుంది. కాసేపటికి ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోతాయి. అప్పుడు ఊపిరి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టగలిగితే మనిషి బతుకుతాడు. ఆ కనురెప్పలను చూసి కట్లపామని అనుమానించగలిగే డాక్టరు ఆ తెల్లవారుజామున డ్యూటీలో ఉండాలి.

రక్తపింజరి సంగతి తేల్చడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టు. ఇంత తేలిక పరీక్షలోనూ చిక్కులున్నాయి. నాళికను సబ్బు నీళ్లతో కడిగి ఉంటే ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. గాజుకి బదులు ప్లాస్టిక్ నాళిక వాడినా ఫలితం తప్పుతుంది. అయిదో నిమిషంలో ఎవరో ఒకరు ఎత్తి ఊపి చూస్తే పరీక్ష చెడుతుంది. ఈ చిన్న చిన్న సంగతుల మీద నర్సుకీ ల్యాబ్ అసిస్టెంటుకీ పట్టు ఉండేలా చూసుకోవడం విషవైద్యుడి చదువులో భాగం.

విరుగుడు మందు లెక్క కూడా తెలుసుకోదగ్గదే. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం ఎక్కిస్తుందని అంచనా. పది మిల్లీలీటర్ల యాంటీవెనం సీసా ఒకటి దాదాపు ఆరు మిల్లీగ్రాముల విషాన్ని విరిచేస్తుంది. అందుకే మొదటి మోతాదు సాధారణంగా పది సీసాలు. పిల్లలకైనా పెద్దలకైనా అదే మోతాదు. ఎందుకంటే మందు విరిచేది విషాన్ని, విషం ఎక్కించే పాముకి ఎదుటివాడి వయసుతో నిమిత్తం లేదు. ఆరుగంటల తర్వాత మళ్లీ గాజు నాళిక పరీక్ష చేసి, అవసరమైతే ఇంకో మోతాదు ఇస్తారు.

ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. కొందరికి రియాక్షన్ వస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, గొంతు బిగుసుకుపోవడం. అడ్రినలిన్ ఇంజెక్షన్ సిరంజిలో సిద్ధంగా ఉంటే దాన్ని నిమిషాల్లో అదుపు చేయొచ్చు. అయినా ఆ భయంతోనే మందు ఎక్కించకుండా రోగిని పైకి పంపించడం దేశమంతటా వైద్య పరిశోధకులు రాసిన లోపం. మందు బీరువాలో ఉంటుంది, రోగి అంబులెన్స్‌లో ఉంటాడు. ఆ భయం పోవాలంటే రియాక్షన్‌ను పదిసార్లు కళ్లారా చూసి అదుపు చేసినవాళ్లు పక్కన నిలబడి నేర్పాలి.

ప్రతి అయిదు నిమిషాలకూ స్టెతస్కోపు

పురుగుల మందు విషయానికి వస్తే తెలుగు నేల మీదే ఒక ముఖ్యమైన అధ్యయనం ఉంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుల మందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. 2002 నాటి వివరాలు లోతుగా చూస్తే, రోగుల్లో మూడింట రెండొంతులు 30 ఏళ్లలోపువాళ్లు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందుల వల్లే జరిగాయి. వరంగల్ వైద్యులు విదేశీ విషవైద్య నిపుణులతో కలిసి రాసిన ఈ పత్రం 2005లో అచ్చయింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది.

పత్తి, మిరప, కంది పండించే ఎర్రగొండపాలెం, త్రిపురాంతకం వైపు పల్లెల్లో పురుగుల మందు డబ్బా ఇంటి మూలనే ఉంటుంది. ఈ మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు అనే రకం పనిచేసే తీరు ఇది. నరం నుంచి కండరానికో గ్రంథికో సంకేతం చేరవేసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. పని అయ్యాక దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. విషం ఆ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. ఇక సంకేతం ఆగదు. కుళాయి తిప్పారు కానీ కట్టేసేవాళ్లు లేరన్నమాట. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కళ్ల పాపలు సూదిమొనంత చిన్నవి కావడం, నాడి నెమ్మదించడం, అన్నిటికంటే ప్రమాదంగా ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం మొదలవుతాయి. రోగి నీళ్లలో పడకుండానే తన ఊపిరితిత్తుల్లోని నీటిలో మునిగిపోతాడు.

దీనికి విరుగుడు అట్రోపిన్. ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరికే చవక మందు. మందు చవకే, ఇచ్చే పద్ధతిలోనే నైపుణ్యం ఉంది. మొదటి మోతాదు ఇచ్చిన అయిదు నిమిషాలకి స్టెతస్కోపుతో ఛాతీ వినాలి. గురగుర ఇంకా వినిపిస్తుంటే మోతాదు రెట్టింపు చేయాలి. మళ్లీ అయిదు నిమిషాలు, మళ్లీ వినడం, మళ్లీ రెట్టింపు. ఊపిరితిత్తుల శబ్దం తేటపడి, నాడి 80 దాటి, బీపీ నిలబడేదాకా ఇలాగే. ఆ తర్వాత సెలైన్‌లో కలిపి సన్నగా ఎక్కిస్తూ ఉండాలి. ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, ఒళ్లు కాలిపోతుంది, పొట్ట కదలడం ఆగిపోతుంది. అప్పుడు కాసేపు ఆపి తగ్గించాలి. బంగ్లాదేశ్‌లో జరిపి 2012లో ప్రచురించిన ఒక పరీక్షలో పాత పద్ధతిలో అట్రోపిన్ ఇచ్చినవాళ్లలో 22.5 శాతం మంది చనిపోతే, ఇలా త్వరగా పెంచుకుంటూ పోయిన పద్ధతిలో 8 శాతం మందే చనిపోయారు. రెండు పద్ధతుల్లోనూ వాడింది అదే మందు.

మందులన్నీ ఒకటి కావన్నది విషవైద్యుడు నేర్పే ఇంకో పాఠం. ఊపిరాడని రోగికి ఆక్సిజన్ పెట్టడం ఎవరికైనా మొదట తోచే పని. గడ్డి మందు పారాక్వాట్ తాగినవాళ్లకి మాత్రం అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి. దానికి విరుగుడు మందు ఇంతవరకు లేదు. శ్రీలంక ఇలాంటి అతి ప్రమాదకర మందులను వరసగా నిషేధిస్తూ వచ్చింది. 1995లో శిఖరానికి చేరిన అక్కడి ఆత్మహత్యల రేటు తర్వాతి 20 ఏళ్లలో దాదాపు 70 శాతం తగ్గింది. ఏ మందు ఎంతమందిని తీసుకుపోతోందో లెక్కలు రాసి ప్రభుత్వం ముందు పెట్టినవాళ్లలో విషవైద్యులూ ఉన్నారు. అంటే ఈ నిపుణులు వార్డులో కాపాడే ప్రాణాల కంటే వార్డు బయట కాపాడేవి ఎక్కువ కావచ్చు.

ఇలా వచ్చేవాళ్లలో చాలామంది ఒక్క క్షణపు ఆవేశంలో తాగినవాళ్లే. బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది తర్వాత మామూలు జీవితం గడుపుతారు. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడటానికి 14416 నంబరులో టెలిమానస్ సేవ తెలుగులోనూ అందుబాటులో ఉంది.

మహాడ్ డాక్టరు చూపిన దారి

పెద్ద యంత్రాలు లేనిచోట లోతైన చదువు ఏం చేయగలదో మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. కొంకణ్ ప్రాంతంలో ఎర్రతేలు కుట్టి పిల్లలు, పెద్దలు చనిపోతుండేవారు. బావస్కర్ రోగి మంచం పక్కనే రాత్రిళ్లు కూర్చుని నాడి, బీపీ, ఊపిరి నమోదు చేస్తూ పోయారు. తేలు విషం వల్ల రక్తనాళాలు బిగుసుకుని, గుండె అలసిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గ్రహించారు. బీపీకి వాడే ప్రజోసిన్ మాత్రతో ఆ బిగుతును సడలించొచ్చని చూపిస్తూ 1986లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. సుమారు 40 శాతం ఉండిన మరణాలు ఒక శాతం స్థాయికి దిగాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పలకల గనుల రాళ్ల మధ్య, పొలం గట్ల మీద తేలు కాటు మార్కాపురం ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా పెట్టుకోగలిగిన మాత్ర అది. ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలిస్తే చాలు.

దారిలో జరిగే వైద్యం

ఆసుపత్రికి చేరకముందు వైద్యంలో తెలుగువాళ్లకి గర్వపడదగ్గ చరిత్ర ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తర్వాత దేశంలో ఎన్నో రాష్ట్రాలకి నమూనా అయింది. 2007లో ఆ సేవను నడిపే సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఎమర్జెన్సీ వైద్యులతో కలిసి పారామెడిక్‌ల కోసం రెండేళ్ల పైచదువు మొదలుపెట్టింది. అంబులెన్స్‌లోని టెక్నీషియన్ ఫోన్ చేస్తే, కాల్ సెంటర్‌లో కూర్చున్న డాక్టరు రోగి పరిస్థితి విని ఏ మందు ఇవ్వాలో చెప్పే ఏర్పాటు కూడా ఆ నమూనాలో భాగమే. అమెరికా, బ్రిటన్‌లలో అంబులెన్స్ వైద్యంలో ఫెలోషిప్ చేసినవాళ్లు సరిగ్గా ఈ కుర్చీ కోసమే తయారవుతారు. ఏ బండి ఎక్కడ నిలపాలి, బండిలో ఏ మందులుండాలి, ఎవరిని దగ్గరి ఆసుపత్రికి, ఎవరిని నేరుగా దూరపు ఆసుపత్రికి తీసుకుపోవాలి అనే నియమాలు రాయడం, అవి పనిచేస్తున్నాయో లేదో లెక్కలతో తేల్చడం వాళ్ల పని.

రోడ్డు ప్రమాదాన్నే తీసుకుందాం. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్జామిక్ యాసిడ్ మీద ‘క్రాష్–2’ పరీక్ష 40 దేశాల్లో 20,211 మంది క్షతగాత్రుల మీద జరిగి 2010లో వెలువడింది. అన్ని దేశాల్లోకీ ఎక్కువ రోగులను చేర్చింది భారతీయ ఆసుపత్రులే. గాయమైన మూడుగంటల్లోపు ఇస్తే మందు ప్రాణాలు కాపాడింది, మొదటి గంటలో ఇస్తే ఇంకా ఎక్కువ మేలు చేసింది. మూడుగంటలు దాటాక ఇస్తే మేలు పోయి హాని కనిపించింది. గిద్దలూరు దగ్గర ఘాట్‌లో దెబ్బ తగిలిన మనిషి ఒంగోలు చేరేసరికి ఆ మూడుగంటలూ అయిపోవచ్చు. ఇంజెక్షన్ గిద్దలూరులోనే పడాలి. ఈ ఒక్క నిర్ణయం కాగితం మీద నియమంగా ఉంటే ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు.

క్షతగాత్రుడి పొట్టలో రక్తం చేరుతోందా, గుండె చుట్టూ నీరుందా అన్నది మంచం పక్కనే అల్ట్రాసౌండ్‌తో అయిదు నిమిషాల్లో చూడొచ్చు. ఎమర్జెన్సీ అల్ట్రాసౌండ్‌లో ఏడాది ఫెలోషిప్ ఇప్పుడు చాలామంది ఎంచుకుంటున్న దారి. మన దేశంలో లింగ నిర్ధారణను అరికట్టే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం ప్రతి యంత్రం నమోదై ఉండాలి, ఎవరు వాడొచ్చో, ఎక్కడ వాడొచ్చో నిబంధనలున్నాయి. ఆడపిల్లల కోసం వచ్చిన ఆ చట్టం అలాగే ఉండాలి. దాని పరిధిలోనే ప్రభుత్వ ఎమర్జెన్సీ గదులకు నమోదైన యంత్రం, శిక్షణ పొందిన మనిషి రెండూ సమకూర్చవచ్చు.

మన దేశంలో దారి ఎటు?

పశ్చిమ ప్రకాశం నుంచి ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలకి ఇక్కడో హెచ్చరిక అవసరం. మన దేశంలో ఫెలోషిప్ అని రాసిన సర్టిఫికెట్లన్నీ ఒక స్థాయివి కావు. జాతీయ వైద్య కమిషన్, జాతీయ పరీక్షల బోర్డు గుర్తింపు ఉన్నవి కొన్ని. విశ్వవిద్యాలయాలు ఇచ్చేవి కొన్ని. ప్రైవేటు ఆసుపత్రులు సొంతంగానో విదేశీ సంస్థలతో కలిసో నడిపేవి ఇంకొన్ని. నైపుణ్యం వీటిలో దేనిలోనైనా రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగానికీ బోధన పోస్టుకీ మాత్రం గుర్తింపే ముఖ్యం. చేరేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గుర్తింపు ఎవరిది? అక్కడ నిజంగా ఆ రోగులు వస్తారా? నేర్పే మనిషి మంచం దగ్గర ఉంటాడా? పాము కాటు రోగులు రాని నగరపు ఆసుపత్రిలో విషవైద్యం చదివితే పుస్తకమే మిగులుతుంది.

ఈ లెక్కన చూస్తే విషవైద్యం నేర్చుకోవడానికి నల్లమల అంచు పట్టణాలే సరైన బడి. పైగా విషవైద్యుడు ప్రతి ఊళ్లోనూ ఉండక్కర్లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995లో ఏర్పాటైన జాతీయ విష సమాచార కేంద్రం ఇరవైనాలుగు గంటలూ ఫోన్‌లో డాక్టర్లకి సలహా ఇస్తుంది. తెలుగు మాట్లాడే, ఇక్కడి పాములూ ఇక్కడి పురుగుల మందుల బ్రాండ్లూ తెలిసిన అలాంటి కేంద్రం ఒకటి దగ్గర్లో ఉంటే, కొమరోలు ఆరోగ్య కేంద్రంలోని కుర్ర డాక్టరు రాత్రి రెండింటికి ఫోన్ తీసి, ‘సార్, ట్యూబులో రక్తం గడ్డకట్టలేదు, పది సీసాలు ఎక్కిస్తున్నాను, రియాక్షన్ వస్తే ఏం చేయమంటారు?’ అని అడగగలుగుతాడు. అవతల నుంచి అడ్రినలిన్ మోతాదు చెప్పి, మందు అయ్యేదాకా లైన్‌లో ఉండే మనిషి ఒకరుంటే చాలు.

ఇది ఊహాలోకం కాదు. గుండెపోటు విషయంలో రాష్ట్రంలో ఇలాంటి పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె వైద్యుడు చూసి చెబుతాడు. వేల రూపాయల ఖరీదుండే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. నిపుణుడు దూరంగా ఉంటాడు, మందు రోగి దగ్గరే పడుతుంది. పాముకాటుకీ పురుగుల మందుకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. మందులూ దీనికంటే చవక.

మార్కాపురం కాలేజీ ముందున్న అవకాశం

మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరై 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. తర్వాత ప్రభుత్వం మారింది, 2025లో దాన్ని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో చేపట్టాలన్న నిర్ణయం వచ్చింది, దాని మీద వాదోపవాదాలు నడిచాయి. యాజమాన్యం ఎవరిదైనా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ కాలేజీలో ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం ఉంటుందా? జాతీయ వైద్య కమిషన్ 2020 నిబంధనలు ప్రతి వైద్య కళాశాలలో ఆ విభాగం తప్పనిసరి అన్నాయి. 2023లో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. దేశంలోని ఎమర్జెన్సీ వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఇప్పుడు అది కళాశాల నడిపేవాళ్ల ఇష్టం, అడిగేవాళ్ల పట్టుదల మీద ఆధారపడి ఉంది.

కాబట్టి అడగాల్సినవాళ్లు అడగాలి. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం ప్రజాప్రతినిధులు, డాక్టర్ల సంఘాలు, రైతు సంఘాలు, చెంచుల కోసం పనిచేసేవాళ్లు మూడు విషయాలు కోరాలి. మొదటిది, కాలేజీలో తొలిరోజు నుంచే ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం. రెండోది, అందులో విషవైద్యంలో, అంబులెన్స్ వైద్యంలో ఫెలోషిప్ చేసినవాళ్లకి ఒక్కో పోస్టు, వాళ్ల చేతుల్లో చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలకి ఇరవైనాలుగు గంటల ఫోన్. మూడోది, కొన్నేళ్లకి ఆ రెండు అంశాల్లోనూ గుర్తింపు పొందిన ఫెలోషిప్ సీట్లు ఇక్కడే. తెలుగు రాష్ట్రాల్లో ఈ చదువుకి ఇంతకంటే తగిన చోటు దొరకదు. ఈ ప్రాంతం నుంచి వెళ్లి అమెరికాలో, బ్రిటన్‌లో ఎమర్జెన్సీ గదుల్లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు ఏడాదికి నెలరోజులు ఇక్కడ పాఠం చెప్పినా ఆ విభాగం త్వరగా నిలదొక్కుకుంటుంది.

అంతవరకు పాఠకులు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పాము కరిస్తే తాడు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మందు కోసం ఆగొద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టుబద్ద వేసి, 108కి ఫోన్ చేయాలి. పామును పట్టుకోవడానికో చంపడానికో సమయం పోగొట్టుకోవద్దు. నేలమీద పడుకోవాల్సి వస్తే దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపుకోవాలి. పురుగుల మందు తాగినవాళ్లకి ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించొద్దు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, మందు డబ్బాను కూడా వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తే ఏ వైద్యం చేయాలో డాక్టరుకి తొందరగా తెలుస్తుంది.